400 వోల్టుల బోర్డులో 3 మి.మీ. గ్యాప్ చాలదా? ల్యాబ్ వాళ్ళు 8 అడుగుతున్నారు

కొత్త_లేఅవుట్
230 వోల్టుల ఏసీ ఇన్‌పుట్, వెనక పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే భాగం), 400 వోల్టుల డీసీ బస్, అక్కడి నుంచి చిన్న ఫ్లైబ్యాక్‌తో (ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కన్వర్టర్) 12 వోల్టులు. 12 వోల్టుల వైపు కంట్రోలరూ, మనిషి చెయ్యి తగిలే కనెక్టరూ ఉన్నాయి. రెండు పొరల ఎఫ్‌ఆర్4 (గ్లాస్, ఎపాక్సీ) బోర్డు. బోర్డు డిజైన్ స్టాండర్డ్ ఐపీసీ 2221 టేబుల్లో 301 నుంచి 500 వోల్టుల దాకా పూత లేని బయటి ట్రేసులకి 2.5 మి.మీ. అని ఉంది, ఇంకో అర కలిపి ప్రైమరీకి (లైను వైపు) సెకండరీకి (12 వోల్టుల వైపు) మధ్య 3 మి.మీ. వదిలా. హైపాట్‌లో (ఎక్కువ వోల్టేజ్ పెట్టి ఇన్సులేషన్ చూసే టెస్ట్) 3000 వోల్టుల ఏసీ నిమిషం పాటు పెట్టి చూశాం, ఏమీ కాలేదు. ఇప్పుడు సర్టిఫికేషన్ ల్యాబ్ వాళ్ళు డ్రాయింగ్ చూసే క్రీపేజ్ (బోర్డు ముఖం వెంట దూరం) తక్కువుంది, 8 మి.మీ. కావాలి అని రాసి పంపారు. ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఆప్టో (వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్) కింద అంత చోటు తేవాలంటే బోర్డు మొత్తం మళ్ళీ గీయాలి. వాళ్ళు అతి చేస్తున్నారా, లేక నేను చూడాల్సిన టేబుల్ వేరే ఉందా?

తెగని_ఫ్యూజు
అతే. గాలి మి.మీ.కి 3000 వోల్టులు తట్టుకుంటుంది, నీ దగ్గర 3 మి.మీ. ఉంది, అంటే 9000. 400 వోల్టులకి 8 మి.మీ. ఏంటసలు. హైపాట్ పాసయ్యాక ఇంకేం కావాలి, గట్టిగా అడుగు వాళ్ళని.

రాగిపొర
అడిగితే టేబుల్ తీసి చూపిస్తారు, అంతే. ఐపీసీ 2221 సర్క్యూట్ సరిగా పని చెయ్యడానికి రాసింది, మనిషికి షాక్ కొట్టకుండా ఎంత దూరం ఉండాలో అందులో లేదు. దానికి ఐఈసీ 60664-1 అనే ఇన్సులేషన్ స్టాండర్డ్ మూలం, నీ ప్రోడక్ట్ రకాన్ని బట్టి 62368-1 లాంటివి దాని మీద కట్టుకున్నవి. ఇంకోటి, నువ్వు చూసుకున్నది ఒక్క దూరమే. ల్యాబ్ రెండు చూస్తుంది. క్లియరెన్స్ అంటే గాల్లో పిట్ట ఎగిరే దారి, క్రీపేజ్ అంటే బోర్డు మీద చీమ నడిచే దారి. చదునైన బోర్డు మీద రెండూ ఒకటిలాగే కనిపిస్తాయి కానీ వాటికి కావాల్సిన అంకెలు వేరు, కారణాలు కూడా వేరు.

టెస్ట్_బెంచీ
8 ఎలా వచ్చిందో లెక్క చూపిస్తా, అప్పుడు అతో కాదో నువ్వే చూసుకో.

ముందు క్లియరెన్స్. 230 వోల్టుల లైను, గోడ సాకెట్‌కి పెట్టే సామాను అంటే ఓవర్‌వోల్టేజ్ కేటగిరీ 2, లైను మీద 2500 వోల్టుల ఇంపల్స్ (క్షణకాలపు వోల్టేజ్ పోటు) రావచ్చని అనుకుంటారు. దానికి బేసిక్ ఇన్సులేషన్ (ఒక అంచె రక్షణ) అయితే గాల్లో 1.5 మి.మీ., రీఇన్‌ఫోర్స్‌డ్ (రెండంచెలకి సమానమైనది) అయితే 3 మి.మీ. అంటే నీ 3 మి.మీ. ఇక్కడ సరిగ్గా గీత మీద పాస్.

ఇప్పుడు క్రీపేజ్. దీనికి ఇంపల్స్ చూడరు, ఏళ్ళ తరబడి ఆ రెండు రాగి ముక్కల మధ్య నిలబడి ఉండే ఆర్‌ఎంఎస్ (అంతే వేడి పుట్టించే డీసీకి సమానమైన) వోల్టేజ్ చూస్తారు. నీకు 400 అనుకుందాం. మామూలు ఎఫ్‌ఆర్4 మెటీరియల్ గ్రూప్ 3ఏ, అంటే సీటీఐ (ముఖం మీద బొగ్గు దారి పడకుండా తట్టుకునే వోల్టేజ్) 175కి 400కి మధ్య. ఇంట్లో, ఆఫీసులో వాడే సామానుకి పొల్యూషన్ డిగ్రీ (చుట్టూ మురికి, తేమ ఎంతో చెప్పే స్థాయి) 2. ఈ మూడూ కలిపి చూస్తే బేసిక్‌కి 4 మి.మీ. నీ సెకండరీని మనిషి ముట్టుకుంటాడు, మధ్యలో ఎర్త్ రక్షణ లేదు, కాబట్టి రీఇన్‌ఫోర్స్‌డ్ కావాలి, అది దానికి రెట్టింపు. 8 అక్కడ నుంచి వచ్చింది, వాళ్ళు సొంతంగా కలిపిందేమీ లేదు.

తెగని_ఫ్యూజు
లెక్క అర్థమైంది కానీ నా ప్రశ్న అలాగే ఉంది. 3000 వోల్టులు నిమిషం తట్టుకున్న గ్యాప్ 400 వోల్టులకి ఎందుకు పోతుంది?

రిపేరు_బల్ల
పోతుంది, నేను చూస్తూనే ఉంటా. తేమగా, దుమ్ముగా ఉండే చోట ఏళ్ళు నడిచిన పవర్ సప్లైలు నా దగ్గరకి వస్తుంటాయి. ఒకదాంట్లో బస్ పాజిటివ్ ప్యాడ్‌కీ పక్కన గ్రౌండ్ ట్రేసుకీ మధ్య సన్నగా చెట్టు కొమ్మల్లా నల్లటి గీతలు, గోరుతో గీకితే బొగ్గు. మీటర్ పెడితే అది ఇన్సులేటర్ కాదు, కొన్ని కిలో ఓమ్‌ల రెసిస్టరు. కొత్తగా ఉన్నప్పుడు ఆ బోర్డు హైపాట్ పాసయ్యే బయటికి వచ్చి ఉంటుంది కదా, లేకపోతే అమ్మరు. గాలి ఏమీ తెగలేదక్కడ. దుమ్ము పడింది, తేమ పట్టింది, ఆ పొరలోంచి కొద్దిగా కరెంటు పాకింది, వేడికి ఒక చోట ఆరింది, ఆరిన చోట చిన్న చిటపట, ఆ చిటపటకి ఎపాక్సీ మాడి బొగ్గు. మళ్ళీ తేమ, మళ్ళీ ఇంకో చుక్కంత బొగ్గు. అలా ఒక కొస నుంచి ఇంకో కొసకి చేరడానికి ఎన్ని వానాకాలాలు పడతాయో గానీ చేరాక మాత్రం ఒక్క క్షణం చాలు.

టెస్ట్_బెంచీ
రిపేరు_బల్ల చెప్పినదాన్నే సీటీఐ టెస్టులో త్వరగా జరిపిస్తారు. ఐఈసీ 60112 ప్రకారం రెండు ప్లాటినం ఎలక్ట్రోడ్లు 4 మి.మీ. దూరంలో పెట్టి, 0.1 శాతం అమ్మోనియం క్లోరైడ్ నీళ్ళు 30 సెకన్లకో చుక్క చొప్పున 50 చుక్కలు వేస్తారు. ట్రాకింగ్ (ఆ బొగ్గు దారి) రాకుండా తట్టుకున్న వోల్టేజే సీటీఐ. అంటే 4 మి.మీ. దూరంలో 175 వోల్టులు దాటగానే దారి పడే సరుకు కూడా 3ఏ గ్రూపులోకి వస్తుంది. @తెగని_ఫ్యూజు, హైపాట్ శుభ్రంగా ఉన్న పొడి బోర్డుని ఒక్క నిమిషం అడుగుతుంది. క్రీపేజ్ టేబుల్ మురికి పట్టిన బోర్డుని జీవితాంతం అడుగుతుంది. ఒకదాని జవాబు రెండోదానికి పనికిరాదు.

పాషెన్_వంపు
మి.మీ.కి 3000 అనే అంకె గురించి ఒక మాట. అది నున్నటి ఎలక్ట్రోడ్లు ఎదురెదురుగా ఉండి ఫీల్డ్ అంతటా సమానంగా ఉన్నప్పటిది. బోర్డు మీద ట్రేసు అంచు కత్తిలా ఉంటుంది, సోల్డర్ మొనలు తేలి ఉంటాయి, ఫీల్డ్ అంతా అక్కడ పోగుపడుతుంది. అందుకే పైన చెప్పిన టేబుల్ 3 మి.మీ.కి 4000 వోల్టుల ఇంపల్స్ వరకే ఒప్పుకుంటుంది, 9000 కాదు.

ఇంకో విషయం నాకు చాలా ఇష్టం. పాషెన్ 1889లో చూపించిన వంపు ప్రకారం మామూలు గాలిలో దాదాపు 330 వోల్టుల కిందైతే గ్యాప్ ఎంతున్నా స్పార్కు మొదలవ్వదు. 230 వోల్టుల లైను శిఖరం 325. ఒక్క గాలి గురించే అయితే, లైను మీద ఇంపల్స్‌లు లేకపోతే, ఇన్ని మిల్లీమీటర్ల గొడవే ఉండేది కాదు. గొడవంతా బోర్డు ముఖం మీద ఉంది.

సోల్డర్_పొగ
మరి పైన ఆకుపచ్చ సోల్డర్ మాస్క్ ఉంది కదా, అది ఇన్సులేషన్ కాదా? ఐపీసీ టేబుల్లో పూత ఉన్న బయటి ట్రేసులకి 500 దాకా 0.8 మి.మీ. అనే కాలమ్ చూశా.

రాగిపొర
ఆ కాలమ్ పని చెయ్యడానికి, రక్షణకి కాదు అని పైనే చెప్పా. సేఫ్టీ ల్యాబ్ మామూలు మాస్క్‌ని లేనట్టే లెక్కేస్తుంది. పదుల మైక్రాన్ల మందం, ట్రేసు అంచు మీద ఇంకా పల్చన, కంటికి కనపడని చిల్లులు. పైగా ప్యాడ్ల దగ్గర మాస్క్ తెరిచే ఉంటుంది, వోల్టేజ్ ఎక్కువుండేదీ అక్కడే.

తడి_బోర్డు
మేం కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డు మొత్తానికి పల్చటి రక్షణ పూత) వేసి ఈ తలనొప్పి వదిలించుకున్నాం. కోటింగ్ వేస్తే పొల్యూషన్ డిగ్రీ 1 అయిపోతుంది కదా, దూరాలు బాగా తగ్గుతాయి.

టెస్ట్_బెంచీ
వేస్తే అయిపోదు తడి_బోర్డు గారూ. ఐఈసీ 60664-3లో పూతకి టెస్టులున్నాయి, వేడి, చలి, తేమ, గీతలు, అంటుకునే బలం అన్నీ. ఆ టెస్టులు పాసైన పూతకే, అదే బోర్డు అదే ప్రాసెస్ మీద, డిగ్రీ 1 ఇస్తారు. స్ప్రే డబ్బాతో కొట్టి డ్రాయింగ్‌లో కోటెడ్ అని రాస్తే ల్యాబ్ పట్టించుకోదు.

రిపేరు_బల్ల
కోటింగ్ కింద ఫ్లక్స్ (సోల్డర్ అంటడానికి పూసే రసాయనం) మిగిలితే ఇంకా ఘోరం. కడగకుండా వేసిన కోటింగ్ కింద తెల్లటి బూజులా పట్టి, రాగి పచ్చబడి, లోపల్లోపలే లీకేజ్. పైనుంచి చూస్తే మెరుస్తూ ఉంటుంది. నో-క్లీన్ అని డబ్బా మీద రాశారు కాబట్టి కడగక్కర్లేదు అనుకుంటారు, 5 వోల్టుల దగ్గర నిజమే కావచ్చు, 400 దగ్గర నేనైతే కడుగుతా. ఎక్కువ ఫ్లక్స్ పోసి చేత్తో రీవర్క్ చేసిన చోటైతే తప్పనిసరిగా.

కొత్త_లేఅవుట్
సరే, 8 అతి కాదని ఒప్పుకున్నా. ఇప్పుడు అసలు కష్టం, చోటు లేదు. స్లాట్ కోస్తే? ఆప్టో కింద 0.8 మి.మీ. స్లాట్ పెడితే చీమ చుట్టూ తిరిగి రావాలి కదా.

రాగిపొర
0.8 సరిపోదు. పొల్యూషన్ డిగ్రీ 2లో స్లాట్ వెడల్పు కనీసం 1 మి.మీ. ఉండాలి, లేకపోతే కొలిచేటప్పుడు స్లాట్ లేనట్టే దాని మీంచి అడ్డంగా గీత గీస్తారు. డిగ్రీ 3 అయితే 1.5. కావాల్సిన క్లియరెన్స్ 3 మి.మీ. కన్నా తక్కువైతే దాంట్లో మూడో వంతుకి తగ్గించుకోవచ్చు, నీకు సరిగ్గా 3 కాబట్టి ఎలా చూసినా 1. డ్రాయింగ్‌లో 1.2 పెట్టు, రౌటర్ బిట్ తేడాలు ఉంటాయి.

స్లాట్ పొడవు ఇంకా ముఖ్యం. రెండు ప్యాడ్ల మధ్యలో చిన్న గాటు పెట్టి వదిలేస్తే దారి దాని కొస చుట్టూ తిరిగి వెంటనే ఇవతలికి వచ్చేస్తుంది, లాభం అర మిల్లీమీటరు కూడా రాదు. ప్యాడ్ల వరసకి రెండు వైపులా దాటి పోవాలి.

సోల్డర్_పొగ
ఆప్టో కింద స్లాట్ కోసి మురిసిపోయేవాళ్ళకి ఒకటి చెప్పాలి. స్లాట్ బోర్డు మీది క్రీపేజ్ పెంచుతుంది, ఆప్టో ఒంటి మీది క్రీపేజ్ పెంచదు. ఆ ప్లాస్టిక్ బాడీ మీద ఇటు కాలు నుంచి అటు కాలుకి ఎంతుందో డేటాషీట్‌లో రాస్తారు, అది 8 లేకపోతే కింద ఎంత కోసినా 8 రాదు.

టెస్ట్_బెంచీ
కరెక్ట్. మామూలు డిప్-4 ఆప్టో కాళ్ళ వరసల మధ్య 7.62 మి.మీ., ప్యాడ్లు తినేశాక బోర్డు మీద మిగిలేది 6 దరిదాపు. కాళ్ళు వెడల్పుగా వంచిన రకం వస్తుంది, 10.16 మి.మీ. పిచ్, అది వాడితే స్లాట్ లేకుండానే 8 వస్తుంది. నేనైతే స్లాట్ కన్నా అదే వాడతా. వేవ్ సోల్డరింగ్‌లో స్లాట్‌లోకి ఫ్లక్స్ పోతుంది, కోటింగ్ వేస్తే స్లాట్ పూడుకుపోతుంది, ఏళ్ళు గడిస్తే దుమ్ము చేరుతుంది. బోర్డు బలం కూడా తగ్గుతుంది, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పొడుగు స్లాట్ ఉంటే డ్రాప్ టెస్ట్‌లో అక్కడే విరుగుతుంది.

తడి_బోర్డు
సీటీఐ 600 లామినేట్ (బోర్డు పలక) తీసుకుంటే? గ్రూప్ 1కి 400 వోల్టుల దగ్గర బేసిక్ 2 మి.మీ., రెట్టింపు చేస్తే 4. సగానికి సగం తగ్గింది.

రాగిపొర
మంచి దారే. కాకపోతే చీమ నడిచేది లామినేట్ మీద కాదు, దాని పైన ఉన్న సోల్డర్ మాస్క్ మీద. మాస్క్ సీటీఐ ఎంతో కూడా బోర్డు తయారుచేసేవాళ్ళ దగ్గర కాగితం తీసుకోవాలి, లేదా బారియర్ (ప్రైమరీ, సెకండరీ మధ్య ఖాళీ) మీద మాస్క్ తీసెయ్యాలి. తర్వాత కొనుగోలు వాళ్ళు చవగ్గా వస్తోందని మామూలు ఎఫ్‌ఆర్4కి మార్చకుండా ఫ్యాబ్ నోట్స్‌లో పెద్ద అక్షరాలతో రాయాలి. దూరం అయితే గెర్బర్‌లోనే (ఫ్యాబ్‌కి పంపే డ్రాయింగ్ ఫైలు) ఉంటుంది, ఎవరూ మార్చలేరు. అందుకే నాకు దూరం మీదే నమ్మకం.

పాషెన్_వంపు
ఎత్తైన చోట వాడే సామానా? 2000 మీటర్లు దాటితే క్లియరెన్స్ పెంచాలి, 3000 మీటర్లకి 1.14 రెట్లు, 4000కి 1.29, 5000కి 1.48. పల్చటి గాలి త్వరగా తెగుతుంది. క్రీపేజ్‌కి ఈ గుణకం లేదు, కానీ క్రీపేజ్ ఎప్పుడూ క్లియరెన్స్ కన్నా తక్కువ ఉండకూడదు. నీ 3 మి.మీ. 5000 మీటర్ల దగ్గర 4.44 అవుతుంది, 8 పెడితే అది కూడా అందులోనే వచ్చేస్తుంది.

కొత్త_లేఅవుట్
2000 లోపే. ఇంకో డౌటు, స్విచింగ్ ట్రాన్సిస్టర్ మాస్‌ఫెట్ టీఓ-220 ప్యాకేజీ, కాళ్ళ మధ్య 2.54 మి.మీ. పిచ్. డ్రెయిన్ మీద 600 వోల్టుల శిఖరాలు వస్తాయి, ప్యాడ్ల మధ్య ఒక మి.మీ. చిల్లర. దీనికి కూడా 8 పెట్టమంటే ప్యాకేజీయే దొరకదు.

టెస్ట్_బెంచీ
దానికి 8 అడగరు. డ్రెయిన్, సోర్స్ రెండూ ప్రైమరీలోనే ఉన్నాయి, అది ఫంక్షనల్ ఇన్సులేషన్ (పని చెయ్యడానికే, షాక్ రక్షణకి కాదు). టేబుల్ దూరం లేకపోయినా ఆ రెంటినీ షార్ట్ చేసి చూపించాలి, ఫ్యూజు పోయి మంట, షాక్ ఏదీ రాకపోతే ఒప్పుకుంటారు. అయినా పని చెయ్యాలి కదా, మధ్య కాలు ముందుకి వంచిన రకం తీసుకో లేదా ప్యాడ్లు కోలగా సన్నగా గీయి. చోటుంటే టీఓ-247కి పో, దాని పిచ్ 5.45.

తెగని_ఫ్యూజు
హైపాట్ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, సీటీఐ టెస్ట్ సంగతి వినలేదు ఇంతవరకు. ఒకటి అడుగుతా, బస్ వోల్టేజ్ కొలిచే డివైడర్‌లో పైన ఒక్క 1206 సైజు మెగ్ ఓమ్ రెసిస్టర్ పెడితే చాలామంది వద్దంటారు, పవర్ లెక్కేస్తే పావు వాట్ లోపే ఉంటుంది కదా.

సోల్డర్_పొగ
పవర్ కాదు, వోల్టేజ్ రేటింగ్ చూడాలి. మామూలు 1206 పని వోల్టేజ్ 200, 0805 అయితే 150. 400 బస్ మీద ఒక్కటే పెడితే రేటింగ్‌కి రెట్టింపు. కొంతకాలానికి విలువ జరిగిపోతుంది లేదా ఓపెన్ అవుతుంది, ఫీడ్‌బ్యాక్‌లో ఉంటే బస్ వోల్టేజ్ పైకి పోతుంది. మూడు 1206లు సిరీస్‌లో పెట్టు, దూరం కూడా పంచుకుంటాయి.

రిపేరు_బల్ల
స్క్రూలు మర్చిపోకండి. మౌంటింగ్ రంధ్రం నుంచి కొలిచి దూరం ఉందనుకుంటారు, అక్కడ కూర్చునేది స్క్రూ తల, దాని కింద వాషర్, అది కాస్త పక్కకి జరిగి కూడా కూర్చోవచ్చు. కీపౌట్ (రాగి రాకూడని) వలయం వాషర్ అంచు నుంచి లెక్కెయ్యాలి. హీట్‌సింక్ కూడా అంతే, అది ఎక్కడా తగిలించకుండా గాల్లో వదిలేస్తే దాన్ని ప్రైమరీ అనుకుని సెకండరీ నుంచి దూరం పెట్టండి. నిలబెట్టిన కెపాసిటర్లు, ఇండక్టర్లు ప్యాకింగ్‌లో ఒరుగుతాయి, ఒరిగాక దూరం ఎంతో చూడాలి.

రాగిపొర
ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌ది కూడా అదే కథ. ఫెర్రైట్‌ని ల్యాబ్ వాళ్ళు కండక్టర్ కింద లెక్కేస్తారు. ప్రైమరీ పిన్ను నుంచి కోర్ దాకా 2, కోర్ నుంచి సెకండరీ కెపాసిటర్ దాకా 1 ఉంటే నీ బారియర్ మొత్తం 3 అన్నమాట, బోర్డు మీద 8 గీసినా సరే. చుట్టుడు వాళ్ళతో మాట్లాడు, సెకండరీకి ట్రిపుల్ ఇన్సులేటెడ్ తీగ వాడుతున్నారా, పిన్నుల దగ్గర ఆ తీగ ఎక్కడ ఒలిచారు, ఇవన్నీ.

కొత్త_లేఅవుట్
స్క్రూలకి కూడా 8 ఏనా? చాసీ ఎర్త్ అయి ఉంది.

టెస్ట్_బెంచీ
ఎర్త్ అయిన చాసీకి ప్రైమరీ నుంచి బేసిక్ చాలు, 400కి 4 మి.మీ. ఎర్త్ తీగే రెండో రక్షణ. ఫ్యూజుకి ముందు లైనుకీ న్యూట్రల్‌కీ మధ్య కూడా బేసిక్ వదలాలి, 250 వోల్టులకి 2.5 మి.మీ., ఎందుకంటే అక్కడ షార్ట్ అయితే ఆపడానికి బోర్డు మీద ఏమీ లేదు. అందుకే ఫ్యూజుని ఇన్‌పుట్ కనెక్టర్‌కి వీలైనంత దగ్గరగా పెడతారు.

తడి_బోర్డు
ఇవన్నీ చేత్తో కొలుచుకుంటూ కూర్చోవాలా? డీఆర్‌సీలో (సాఫ్ట్‌వేర్ చేసే రూల్ చెక్) నెట్‌క్లాస్ (ఒకే రూల్ ఉన్న ట్రేసుల గుంపు) క్లియరెన్స్ 8 పెడితే ప్రైమరీలో రెండు ట్రేసులు పక్కపక్కన వెళ్ళినా ఎర్రర్లే ఎర్రర్లు.

సోల్డర్_పొగ
బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్ 9లో క్రీపేజ్ రూల్ వచ్చింది, స్లాట్ చుట్టూ దారి తిప్పి కొలుస్తుంది. రెండు నెట్‌క్లాస్‌ల మధ్య మాత్రమే వర్తించేలా కస్టమ్ రూల్ రాసుకో, ఒకే వైపున్న నెట్లకి తగలదు. దాంతో పాటు బారియర్ వెంట అన్ని పొరల్లోనూ 8 మి.మీ. కీపౌట్ పట్టీ గీసెయ్, కాపర్ పోర్ గానీ, ఏ నెట్‌కీ తగిలించని టెస్ట్ ప్యాడ్ గానీ, రాగితో రాసిన లోగో గానీ అందులోకి రాకుండా. మధ్యలో తేలుతున్న రాగి ముక్క ఉంటే అంత మేరా క్రీపేజ్ పోయినట్టే.

కొత్త_లేఅవుట్
ఆప్టో 10.16 రకానికి మారుస్తున్నా, వై కెపాసిటర్ (ప్రైమరీ, సెకండరీ మధ్య పెట్టేది) కాళ్ళు కూడా 10 పిచ్, ట్రాన్స్‌ఫార్మర్ బాబిన్ (తీగ చుట్టే చట్రం) పెద్దది చూస్తున్నా, పట్టీ గీశా. బోర్డు పొడవు కొంచెం పెరిగింది, ఎన్‌క్లోజర్‌లో పడుతుంది. ఆప్టో దగ్గర నిజంగా 400 ఉందా అని మాత్రం అనుమానం, దాని ప్రైమరీ కాళ్ళు బస్ నెగిటివ్ పక్కన ఉన్నాయి కదా.

టెస్ట్_బెంచీ
సరైన అనుమానం. వర్కింగ్ వోల్టేజ్ ప్రతి జంటకీ విడిగా కొలవొచ్చు. సెకండరీ సున్నాని న్యూట్రల్‌కి కలిపి, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ పిన్నులు ఒక్కొక్కటికీ సెకండరీ పిన్నులు ఒక్కొక్కటికీ మధ్య, తర్వాత ఆప్టో కాళ్ళ మధ్య, ఆర్‌ఎంఎస్, శిఖరం రెండూ రాసుకో. ఆర్‌ఎంఎస్ క్రీపేజ్‌కి, శిఖరం క్లియరెన్స్‌కి. ఆప్టో దగ్గర 250 లోపు వస్తే అక్కడ 5 మి.మీ. చాలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 400 దాటినా ఆశ్చర్యపోకు, ఫ్లైబ్యాక్ డ్రెయిన్ పిన్ను సంగతి తెలిసిందే, అప్పుడు 8 కూడా చాలదు, మధ్య విలువలకి టేబుల్లో లెక్క వేసుకోవాలి. బాబిన్ ఆర్డర్ పెట్టేముందు ఈ కొలతలు ల్యాబ్‌కి పంపి ఒప్పించుకో.

రిపేరు_బల్ల
కొలిచేటప్పుడు మామూలు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ ప్రైమరీకి తగిలించకు తమ్ముడూ, స్కోప్ చాసీ ఎర్త్‌కి ఉంటుంది, క్లిప్ పెట్టిన చోటే షార్ట్. ఆ వోల్టేజ్‌కి రేటింగ్ ఉన్న డిఫరెన్షియల్ ప్రోబ్ వాడు. ప్లగ్ పీకాక కూడా బస్ కెపాసిటర్ మీద మీటర్ పెట్టి కిందికి దిగిందో లేదో చూసే చెయ్యి పెట్టు, బ్లీడర్ రెసిస్టర్ (కెపాసిటర్ ఛార్జ్ దింపేది) ఉన్నా సరే.

కొత్త_లేఅవుట్
డిఫరెన్షియల్ ప్రోబ్ ఉంది, 1400 వోల్టులది. రేపు కొలిచి ఇక్కడే పెడతా.